వేపకొమ్మల దారిలో దుంగల బండి

రేపల్లె వెళ్ళాలంటే తెనాలిలో రైలెక్కితే సరిపోతుంది. కిటికీ పక్కన కూర్చుని ఒక కునుకు తీసి లేచేసరికి ఊరు వచ్చేస్తుంది. మేము మాత్రం ట్రాక్టరు మీద వెళ్ళాం, వెనక నేను సొంతంగా చేసిన బండి తగిలించుకుని. ఈ కబుర్లు విని విని మా ఆవిడ చెవులు మూసుకుంటోంది గనక, అటువైపు ఎప్పుడూ వెళ్ళని మీకు చెబుదామని కూర్చున్నాను. గొప్పలు కొంచెం ఎక్కువగానే ఉంటాయి, ముందే చెబుతున్నాను.

తెనాలి

నాది మార్కెట్టు వెనక చిన్న వెల్డింగు షెడ్డు. మా ఊళ్ళో ఇలాంటి షెడ్లకు కొదవ లేదు. అందరూ చేసేది ఒకటే, ట్రాక్టరు వెనక ధాన్యం బస్తాలు మోసే వెడల్పాటి ట్రక్కులు. నేను చేసింది వేరు. ఎద్దుబండి కంటే కాస్త వెడల్పు, నేలకు బాగా దగ్గరగా ఉండే చట్రం, పక్క చెక్కల బదులు నాలుగు మూలలా ఇనప గుంజలు, ముందువైపు చేత్తో తిప్పే మర, దానికి చుట్టిన ఉక్కుతాడు. చెట్ల మధ్యకు దూరి, కొట్టి పడేసిన దుంగల్ని తాడుతో లాక్కుని, వీపు మీద వేసుకుని బయటికి తెచ్చే బండి అన్నమాట. దీనికి చిన్న ట్రాక్టరు చాలు.

"తెనాల్లో అడవెక్కడుంది బావా? దీనికి మేతెక్కడ దొరుకుద్ది?" అని మా బావమరిది సుబ్బారావు రోజూ ఏడిపించేవాడు. ట్రాక్టరు వాడిదే కాబట్టి పడేవాణ్ణి.

మేత బాపట్ల నుంచి వచ్చింది. రూతమ్మ టీచరు గారని, బాపట్ల శివారులో చిన్న మిషను బడి నడిపే పెద్దావిడ, ఎవరో చెబితే విని మా షెడ్డుకు వచ్చారు. నిరుటి గాలివానకి ఆ బడి పైకప్పు లేచిపోయింది. రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డు వైపు, వాళ్ళ నాన్నగారు పెంచిన తోపు ఉంది. వేప, నల్లతుమ్మ, చేవదేరిన చెట్లు. బడి కోసం ఆమె వాటిని కొట్టించారు. కొట్టించడం అయింది, బయటికి తేవడం దగ్గరే చిక్కొచ్చింది.

తోపుకీ ఊరికీ మధ్య కాలవ. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు తప్ప దాన్ని బండితో దాటలేం. తోపేమో పల్లం. నదికి పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు ఊరి, నడి ఎండల్లో కూడా బురదగానే ఉంటుంది. ఎద్దుబండ్లు వెళ్ళి, ఇరుక్కుని, ఖాళీగా తిరిగొచ్చాయి. పోనీ కాలవ పారేటప్పుడు నీళ్ళలో తేల్చి తెద్దామంటే పచ్చి తుమ్మదుంగ రాయిలా మునుగుతుంది.

"నీళ్ళు వదిలేలోపు దుంగలు రావాలి నాయనా. లేకపోతే ఈ ఏడు కూడా వానాకాలం బడి ఉండదు. నిరుడు మానేసినవాళ్ళే సగం మంది పొలం పనికి పోయారు. ఈసారి కూడా మూస్తే ఇక మిగతావాళ్ళూ రారు" అన్నారామె. "నీ బండి తేగలదా?"

"తేగలదండీ" అన్నాను గట్టిగా. అప్పటికి ఆ బండి మా షెడ్డు వాకిలి దాటి ఎరగదు.

జంపని మీదుగా

తెల్లవారాక ఇడ్లీలు తిని, ఇంకొన్ని ఆకులో కట్టించుకుని బయల్దేరాం. సుబ్బారావు స్టీరింగు దగ్గర, నేను మడ్‌గార్డు మీద. మమ్మల్ని సైకిళ్ళు దాటిపోయాయి. కావిళ్ళవాళ్ళు దాటిపోయారు. ఒక ముసలాయన గేదెని తోలుకుంటూ చాలాసేపు మా పక్కనే నడిచి, బండినంతా తీరిగ్గా చూశాడు.

"చెక్కలు బిగించడం మర్చిపోయారేంటి బాబూ?"

"మర్చిపోలేదండి, ఇది దుంగలు మోసే బండి."

"ఓహో. మరి దుంగలేయి?"

"తేవడానికే వెళ్తున్నామండి."

"అయితే తిరుగు ప్రయాణంలో చూస్తాలే" అన్నాడు, మేం తిరిగి రామేమో అన్నట్టు.

జంపని దగ్గర టీకి ఆగాం. చెరకు పండే ఊళ్ళు కావటాన కాబోలు, టీలో పంచదార తెనాలి కొలతకి రెట్టింపు వేశాడు. తెనాల్లో టీకి రంగుంటుంది, ఇక్కడ రుచుంది అన్నాడు సుబ్బారావు. పుట్టిన ఊరిని అలా అనేసరికి నాకు ఒళ్ళు మండింది గాని, ఇంకో గ్లాసు అడిగింది నేనే.

రేపల్లె

రేపల్లె చేరేసరికి ఎండ నెత్తి మాడ్చేస్తోంది. స్టేషను దగ్గర పూటకూళ్ళ ఇంట్లో భోజనం. గోంగూరలో ఎండు రొయ్యలు వేసి వండారు. మా ఇంట్లో గోంగూర అంటే పచ్చడే. రొయ్యలు వేస్తే మా అమ్మ ఆ గిన్నె ముట్టుకోదు. నేను మాత్రం అన్నం మూడుసార్లు వేయించుకున్నాను. రేటు తెనాలికి సగం, వడ్డన రెట్టింపు. ఆ ఇల్లాలు మేం ఎవరి పిల్లలమో, ఎందుకొచ్చామో అంతా కనుక్కుని గాని మజ్జిగ పోయలేదు.

"ఆ తోపులోకా? మా అన్నగారి ఎడ్లు మోకాళ్ళదాకా దిగబడ్డాయి. జాగ్రత్త అబ్బాయ్" అందావిడ.

బయట తాటిముంజెలు అమ్ముతున్నారు. తెనాల్లో ముంజెలు వలిచి ఆకులో పెట్టి ఇస్తారు. ఇక్కడ కాయ చెక్కి చేతిలో పెట్టి, బొటనవేలితో తీసుకుని తినమంటారు. నా చొక్కా నిండా నీళ్ళే. అమ్మే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

కాలవ అవతల

తోపు దగ్గరి ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి ఆడవాళ్ళు నన్ను వెతుక్కుంటూ తెనాలి వస్తారు.

ఎండిన కాలవలోకి దిగాం. పైన పొర గట్టిగా ఉంది, కింద మెత్తన. ఎలాగో దాటి తోపు చేరాం. తోపు చల్లగా ఉంది, కొట్టిన వేప వాసన ఊపిరి నిండా తగిలింది. దుంగలు ఎక్కడ పడ్డవి అక్కడే ఉన్నాయి. నడుమ బురద తళతళలాడుతోంది. ఊరివాళ్ళు చాలామంది కట్ట మీద చేరారు, బండ్లవాళ్ళతో సహా. ఎందుకు చేరారో నాకు తెలుసు.

ఇక్కడే తెనాలివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పని ఒకటి చేశాను. మా వైపు బురద కనిపిస్తే చాలు, దమ్ము చక్రాలు బిగించేస్తాం. వరి మడి దమ్ము చేయడానికి ట్రాక్టరుకు తగిలించే ఇనప చక్రాలవి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బురదలో పెరిగినవాళ్ళం, బురద గురించి మాకొకరు చెప్పాలా! వెంట తెచ్చుకున్నవి ఎంతో ధీమాగా బిగించి, మీసం మీద చెయ్యి వేసుకుని "పోనీ" అన్నాను. వరి మడికి కింద ఏళ్ళ తరబడి దున్నిన గట్టి నేల ఉంటుంది. ఈ తోపుకి అడుగే లేదు. ఇనప చక్రాలు కవ్వంలా చిలుక్కుంటూ దిగిపోయాయి. ట్రాక్టరు పొట్ట బురదకు ఆనుకుంది.

కట్ట మీద ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

పలుగులు వేసి, పారలతో తవ్వి, ఉక్కుతాడు ఒక వేపమొద్దుకు కట్టి, ట్రాక్టరును వెనక్కి లాగేసరికి పొద్దు వాలింది. కోపంతో దమ్ము చక్రాలు ఊడదీసి విసిరేశాను. వెళ్ళి అక్కడున్న కొమ్మల కుప్ప మీద నిలబడి సుబ్బారావుని తిట్టడం మొదలుపెట్టాను. తిడుతూ తిడుతూ ఉంటే తట్టింది. చుట్టూ పాదం పెడితే పిక్క దాకా దిగుతోంది, ఈ కుప్ప మీద ఎగిరినా దిగటం లేదు.

"ఒరేయ్, కొమ్మలు! చక్రాల కింద కొమ్మలు పరుద్దాం!"

"తుమ్మకంప మీద రబ్బరు చక్రాలా? నీ తెలివి మండా!" అన్నాడు వాడు. వాడన్నది నిజమే. తుమ్మముల్లు టైరులో దిగితే పంక్చరు వేసుకుంటూ కూర్చోవాలి. "వేపకొమ్మలే పరుద్దాం" అన్నాను. ఒక మోపు ఎత్తి వేయబోయాను.

"దించవయ్యా!" అని కట్ట మీంచి కేక.

కొమ్మలెవరివి

కేక వేసింది నాంచారమ్మ. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, చేతిలో కొడవలి. ఆవిడ వెనకే ఇంకా పదిమంది ఆడవాళ్ళు. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. చెట్టు కొడితే మాను కొట్టించినవాళ్ళది, కొమ్మా రెమ్మా ఊరి ఆడవాళ్ళది. ఏడాది పొడుగునా పొయ్యిలోకి అవే. తెనాల్లో మేం రంపపుపొట్టు పొయ్యి మీద వండుకుంటాం, కలప అడితీకి వెళ్ళి బస్తా తెచ్చుకుంటే సరి. వంటచెరుకు కోసం ఇంతమంది కొడవళ్ళు పట్టుకు నిలబడతారని నేను అనుకోలేదు.

"మా పొయ్యిలో కట్టెలు నీ చక్రాల కింద వేత్తావా? బురదలో తొక్కినాక అవి దేనికి పనికొత్తాయి?"

"టీచరమ్మగారి బడి కోసమమ్మా" అన్నాను.

"బడి కావాల్సిందేలే. వానలో మేం మాత్రం ఏం పెట్టి వండాలి? చదువుకున్న పిల్లలు తినరా?"

ఎత్తిన మోపు దించేశాను. సుబ్బారావు నా అవస్థ చూసి సంబరపడుతున్నాడు. చివరికి ఆవిడే బేరం పెట్టింది. కొమ్మలు వాళ్ళే పరుస్తారు, మేము ముట్టుకోకూడదు. దుంగలు ఒడ్డుకు చేర్చాక ప్రతిసారీ బండి ఖాళీ చేసి, దుంగలతో సమానంగా వాళ్ళ మిగతా కట్టెలు కూడా ఊరి వైపు కట్ట మీదికి మోయాలి. పని అయ్యాక దారిలో పరిచినవి కూడా వాళ్ళవే.

"మాట తప్పితే?" అన్నాను, ఊరికే.

"తెనాలి ఎంత దూరమేంటి, రైలెక్కితే వచ్చేత్తాం" అంది.

మర్నాటి నుంచి పని చూడాలి మీరు! ఆడవాళ్ళు తోపులోనూ, కాలవ అడుగునా ముందు లావు కొమ్మలు అడ్డంగా, వాటి మీద సన్నవి నిలువుగా, చాప అల్లినట్టు పరిచారు. పైన తాటిమట్టలు వేశారు. దాని మీద నా బండి పెళ్ళివారి బండిలా నడిచింది. ఉక్కుతాడు విప్పి, దుంగకు బిగించి, మర తిప్పితే చెట్ల మధ్య నుంచి దుంగ తలొంచుకుని వచ్చేది. రెండు తాటిబోదెలు ఏటవాలుగా ఆనించి, పలుగులతో దొర్లించి గుంజల మధ్య పడేసేవాళ్ళం. ఎడ్లు దిగబడ్డచోట నా చక్రం తడి కూడా కాలేదు. బండ్లవాళ్ళు కట్ట దిగి వచ్చి, గుంజల్ని చేత్తో తట్టి చూశారు. వాళ్ళలో ఒకాయన "మంచి పనివాడివయ్యా" అన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఇందులో సిగ్గు పడాల్సింది ఏముంది? గర్వంగా అనిపించింది, అంతే.

నాంచారమ్మ మాత్రం మెచ్చుకోలేదు. ప్రతి ట్రిప్పుకీ కట్టెలు తక్కువ వేశామని గొడవపడేది. ఒకసారి నేను టైరు కిందికని రెండు కొమ్మలు అదనంగా లాగానని చెప్పి మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. మధ్యాహ్నం చేపల పులుసు పంపింది, మాట్లాడకుండానే.

నీళ్ళొచ్చిన రోజు

చివరికి ఒక్క దుంగ మిగిలింది. అన్నిట్లోకి పొడుగాటి వేప మాను. బడి పైకప్పు నడిమధ్య బరువు మోయాల్సిన దూలం అదే. అది లేకపోతే మిగతావన్నీ తెచ్చినా ఒకటే, తేకపోయినా ఒకటే. దాన్ని బండి మీదికి ఎక్కించి కట్లు బిగిస్తుండగా కాలవలకు నీళ్ళు వదిలే లస్కరు సైకిలు మీద కట్ట వెంట వస్తూ అరిచాడు.

"పైన తలుపులెత్తారు! నీళ్ళొత్తన్నాయి, కాలవలో ఉన్నోళ్ళంతా ఎక్కండి!"

ఆడవాళ్ళు ఒక్కసారిగా కాలవలోకి పరిగెత్తారు. అక్కడ పరిచిన కొమ్మల్ని లాగి, మోపులు కట్టి, కట్ట మీదికి చేరవేసుకున్నారు. వాళ్ళ కట్టెలు వాళ్ళు కాపాడుకున్నారు, బేరం ప్రకారమే. కాని మేము కాలవ దగ్గరికి వచ్చేసరికి దారి లేదు.

"దిగకు బావా, దిగబడుద్ది" అన్నాడు సుబ్బారావు.

"దిగకపోతే వచ్చే వేసవి దాకా ఇక్కడే కాపురం" అన్నాను. ఆ కోపంలో కట్ట మీది వాళ్ళని అనరాని మాటలు అన్నాను కూడా. దిగాం. సగం దూరం రాగానే వెనక చక్రాలు పై పొర పగలగొట్టుకుని కూరుకుపోయాయి. ఉక్కుతాడు వేద్దామంటే ఆ కట్ట మీద కట్టడానికి ఒక్క చెట్టు లేదు. మలుపు దగ్గర నీళ్ళు కనబడ్డాయి. ముందు నురగ, చెత్త, ఆకులు, తర్వాత ఎర్రటి నీళ్ళు, నిదానంగా, ఆగకుండా. చక్రం కింద పెట్టడానికి చొక్కా విప్పాను. చొక్కా ఏం సరిపోతుంది!

"దూలం దించేద్దాం బావా. ట్రాక్టరైనా దక్కుద్ది" అన్నాడు సుబ్బారావు. వాడి గొంతులో ఎగతాళి లేదు. ట్రాక్టరే వాడి బతుకు. నేను కట్ల మీద చెయ్యి వేశాను.

అప్పుడు ధబ్బుమని ఏదో పడింది. నా పక్కనే, ఒక మోపు. తలెత్తి చూస్తే నాంచారమ్మ. ఇంకో మోపు ఎత్తుతోంది.

"చూత్తావేంటి, చక్రం కింద తొయ్యి!"

ఆవిడ వెనక మిగతావాళ్ళు. రెండు కొమ్మల కోసం నాతో మాటలు మానేసిన మనుషులు, ఏడాదికి సరిపడా కట్టిపెట్టుకున్న మోపులు ఒకటి తర్వాత ఒకటి కాలవలోకి విసిరారు. కొందరు దిగి వచ్చి నీళ్ళలో నిలబడి చక్రాల ముందు పేర్చారు. సుబ్బారావు గేరు వేశాడు. చక్రం కట్టెల్ని నమిలింది, జారింది, మళ్ళీ నమిలింది, పట్టింది. ముందు ట్రాక్టరు, దాని వెనక దూలం, నీళ్ళు కారుతూ కట్ట ఎక్కాయి. వెనక్కి తిరిగి చూసేసరికి కాలవ నిండా వేపకొమ్మలు కొట్టుకుపోతున్నాయి.

నేను ఏదో అనబోయాను. నాంచారమ్మ చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, "ఇందాక తిట్టావుగా, అవి గుర్తున్నాయి నాకు" అంది.

బాపట్ల

దుంగలన్నీ చెరుకుపల్లి మీదుగా బాపట్ల చేర్చాం. సముద్రపు గాలి తగలగానే మా వైపు ఉక్కపోత గుర్తొచ్చి జాలేసింది. బడి దగ్గర వడ్రంగి ఆశీర్వాదం గారు బాడిసె తిరగేసి పెద్ద దూలాన్ని కొట్టి, చెవి ఆనించి విన్నారు. "గంటలా ఉందండీ" అన్నారు. నేను అక్కడున్న ప్రతివాడికీ బండి గొప్ప చెప్పాను, మరతో సహా.

రూతమ్మ టీచరు గారికి కాలవ సంగతి కూడా చెప్పాను. ఆవిడ వెంటనే వడ్రంగితో, "చెక్కుళ్ళూ, కోసేసిన ముక్కలూ మీకొద్దు ఆశీర్వాదం, ఈసారికి వదులుకోండి" అన్నారు. చెక్కిన ముక్కలు వడ్రంగివి, అది వాళ్ళ వైపు మామూలు. ఆయన మొహం ముడుచుకుంది గాని, తలూపారు. చెక్కడం అయ్యేదాకా ఆగి, ఆ ముక్కలన్నీ బండి నిండా వేసుకుని, పొన్నూరు మీదుగా ఇంటికి పోవాల్సినవాళ్ళం మళ్ళీ రేపల్లె వైపు తిరిగాం. "మా అక్క నిన్ను ఇంట్లోకి రానివ్వదు" అని సుబ్బారావు దారంతా సణిగాడు. నాంచారమ్మ ముక్కల్ని కిందా మీదా చూసి, "తుమ్మ ఎక్కువుంది, పర్లేదు, బాగా మండుద్ది" అని దింపించుకుంది.

కప్పు వేసి బడి తెరిచిన రోజున టీచరు గారు మమ్మల్ని పిలిచారు. ఆ ఆడవాళ్ళని కూడా తీసుకు రమ్మన్నారు. వాళ్ళని నా దుంగల బండి మీదే ఎక్కించుకుని వెళ్ళాం, గుంజలు పట్టుకుని పాటలు పాడుతూ వచ్చారు. బయట వాన పడుతోంది. లోపల ఒక్క చుక్క లేదు. పొలాలకు పోయినవాళ్ళలో కొందరు కూడా పలకలతో వచ్చి కూర్చున్నారు.

నాకు అప్పటికే నోరు దురద పెడుతోంది. పిల్లలకి బండి గురించి ఎలా చెప్పాలో దారిలోనే అనుకున్నాను. లేచి నిలబడి గొంతు సవరించుకునేలోపే, నాంచారమ్మ తల పైకెత్తి నడిమధ్య దూలాన్ని చూపిస్తూ పక్కనున్న చిన్నపిల్లతో అంటోంది.

"అదిగో, ఆ పెద్దది చూశావా? దాన్ని కాలవ దాటించింది నేనే."

సుబ్బారావు మోచేత్తో పొడిచాడు. "ఏంటి బావా, మన బండి సంగతి చెప్పవా?"

"ఆవిడ చెబుతోందిగా, విను" అని కూర్చున్నాను.